పేరు మారింది, ప్రశ్న మారలేదు



ఈ వార్షికోత్సవ సంచిక పని మొదలుపెట్టిన మొదటి రోజే మాలో మాకు గొడవ వచ్చింది. గొడవ కథల గురించీ కాదు, కవితల గురించీ కాదు. అట్ట గురించి. అట్ట మీద "ప్రభుత్వ సాంఘిక సంక్షేమ బాలుర వసతి గృహం" అని పూర్తి పేరు వేయాలని మాలో ముగ్గురం అన్నాం. "విద్యార్థుల వార్షిక సంచిక" అని వేస్తే చాలు, మిగతాది ఎందుకని ముగ్గురం అన్నాం. సంపాదక వర్గంలో ఉన్నదే ఆరుగురం. అందరం పదో తరగతే. ఓటింగు పెట్టినా తేలదు.

పేరు వద్దన్న ముగ్గురిలో ఒకతను మాకందరికీ ఇష్టమైన మిత్రుడు. లెక్కల్లో ఫస్టు. అతను ఎందుకు వద్దంటున్నాడో మాకు తెలుసు. సాయంత్రం హైస్కూల్లో లాంగ్ బెల్ కొట్టాక మేమందరం గుంపుగా హాస్టల్ గేటులోకి వచ్చేస్తాం. అతను మాత్రం ఊళ్ళో పిల్లలతో కలిసి గేటు దాటి వెళ్ళిపోతాడు. బస్టాండు దాకా వెళ్ళి, వాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయేదాకా సోడా బండి దగ్గర నిలబడి, అప్పుడు వెనక సందులోంచి వస్తాడు. క్లాసులో వాళ్ళకు మామయ్యగారి ఇంట్లో ఉంటున్నానని చెప్పాడు. మామయ్య ఎవరని ఎవరూ అడగలేదు గనుక ఇప్పటికి నడిచిపోతోంది. మేం కూడా బయటపెట్టలేదు. బయటపెట్టాలని ఏ రోజూ అనిపించలేదు కూడా, ఎందుకంటే మాలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి మామయ్య ఒకాయన ఉన్నాడు.

గొడవ వార్డెన్ సారు దాకా వెళ్ళింది. ఆయన తీర్పు చెప్పలేదు. "ఇది మీ పుస్తకం, మీరే తేల్చుకోండి. కాకపోతే ఇక్కడ చదివి వెళ్ళినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళు మీ వయసులో ఏం చేశారో ఓసారి అడిగి రండి" అన్నారు. మూడు ఆదివారాలు తిరిగాం. ఆ తిరుగుడులో మాకు తట్టింది ఈ వ్యాసం.

మొదట కలిసింది ఒక రిటైర్డు మాస్టారిని. ఆయన 1960లలో మా హాస్టల్లోనే ఉండి చదువుకున్నారు. అప్పుడు ఇది పెంకుటింట్లో ఉండేదట. ఊళ్ళోవాళ్ళు "హరిజన హాస్టలు" అనేవారట. ఆ మాట తిట్టు కాదనీ, పెద్దమనుషులు గౌరవంగానే అనేవారనీ మాస్టారు చెప్పారు. "కానీ నాకు పద్నాలుగేళ్ళు. ఆ గౌరవం నాకు గౌరవంలా అనిపించేది కాదు. దేవుడి బిడ్డలం అంటారు, అదే నోటితో నూతి దగ్గరికి రావద్దంటారు. దేవుడి బిడ్డల్ని ఎవరన్నా అలా అంటారా బాబూ?" అని మమ్మల్నే అడిగారు. ఎస్సెల్సీ ఫారం నింపేటప్పుడు ఇంట్లో పెట్టిన పేరు చివర "అయ్య" కొట్టేసి "రావు" అని ఆయనే రాసుకున్నారట. గుమాస్తా చూసి నవ్వాడట. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుందన్నారు. ఉద్యోగం, పెన్షను, మనవలు అన్నీ వచ్చాక కూడా!

ఆయన దగ్గర్నుంచి వచ్చి మేం లైబ్రరీ బీరువా తాళం తీయించాం. మనకు ఎన్ని పేర్లు పెట్టారో ఒకచోట రాసుకుందామనుకున్నాం. రాస్తూ పోతే మాకే ఆశ్చర్యమేసింది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మగారు అధ్యక్షులు. పంచములనే మాట మాకొద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ చెప్పింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకుంది. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో "అణగారిన తరగతులు" అని ఉండేది. 1933లో గాంధీజీ తన పత్రికకు "హరిజన్" అని పేరు పెట్టాక ఆ మాట దేశమంతా పాకింది. 1935 చట్టంతో "షెడ్యూల్డు కులాలు" వచ్చింది. హరిజన అనే మాట కుల ధ్రువపత్రాల్లో రాయవద్దని 1982లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు చెప్పింది. 1985 జులైలో కారంచేడు జరిగింది. ఆ తరువాత దళిత మహాసభ పుట్టింది, "దళిత" అనే మాట మన పల్లెల్లోకి వచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ వచ్చి ఒకటో గ్రూపు, రెండో గ్రూపు, మూడో గ్రూపు అయ్యాం. ఒకే జనానికి నూరేళ్ళలో ఇన్ని పేర్లు! ఇందులో కొన్ని ఇతరులు అంటించినవి. కొన్ని మనవాళ్ళు పోరాడి తెచ్చుకున్నవి. రెండూ ఒకటి కాదని మాకు తెలుసు. అయినా పదిహేనేళ్ళ పిల్లవాడికి ఆ తేడా వెంటనే అర్థం కాదు. ఎవరు పెట్టిన పేరైనా, క్లాసులో గట్టిగా చదివినప్పుడు వాడి చెవులు ఒకేలా వేడెక్కుతాయి.

భాగ్యరెడ్డి వర్మగారి గురించి ఇంకొక మాట చెప్పాలి. మన సంచికల్లో ఆయన ఫొటో వేస్తారు గానీ వయసు ఎవరూ చెప్పరు. 1888లో హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. అంటే పద్దెనిమిదేళ్ళు. మాకంటే మూడేళ్ళు పెద్ద, అంతే. "వర్మ" అనే బిరుదు 1913లో ఆర్యసమాజం వాళ్ళిచ్చింది. మా మాస్టారు ఫారం మీద "రావు" రాసుకున్నప్పుడు నవ్విన గుమాస్తా, భాగయ్యగారు భాగ్యరెడ్డి వర్మ అయినప్పుడు కూడా ఎక్కడో ఒకచోట కూర్చుని నవ్వే ఉంటాడని మేం అనుకుంటాం. ఇది మా ఊహ మాత్రమే.

ఇక అంబేద్కర్ గారి విషయం. ఏప్రిల్ 14న మనం ఆయన గురించి ఉపన్యాసాలు ఇస్తాం. రాజ్యాంగం, కొలంబియా, కోటు, పెన్ను. ఆయన కూడా ఒకప్పుడు మనలాంటి పిల్లాడేనని మనకు తట్టదు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అని ఆయన రాసిన చిన్న పుస్తకం ఉంది. అందులో మొదటి సంగతి 1901 నాటిది. అప్పుడాయనకు నిండా పదేళ్ళుంటాయేమో. ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉన్న తండ్రి దగ్గరికి వేసవి సెలవులకు బయలుదేరారు. అన్న, అక్క పిల్లలు ఇద్దరు, ఈయన, పెద్దవాళ్ళెవరూ తోడు లేరు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు. మసూరు స్టేషన్లో దిగారు. తీసుకువెళ్ళడానికి ఎవరూ రాలేదు. స్టేషను మాస్టరు దగ్గరికొచ్చి, పిల్లలు బాగా ముస్తాబై ఉన్నారు గనుక పై కులంవాళ్ళనుకుని దయగా మాట్లాడాడు. చివరికి మీరెవరు అని అడిగాడు. ఈయన ఆలోచించకుండా మహర్లం అని చెప్పేశారు. అంతే, ఆయన ముఖం మారిపోయింది. స్టేషను బయట బండివాళ్ళు రెట్టింపు డబ్బులిస్తామన్నా ఎక్కించుకోలేదు. ఆఖరికి పిల్లలే బండి తోలుకుని పోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు అనే ఏర్పాటు కుదిరింది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ తరువాతి సంగతే మమ్మల్ని ఆపేసింది. రాత్రి దారిలో సుంకం గేటు దగ్గర ఆగారు. దాహం. నీళ్ళు అడగాలి. ముసల్మానులమని చెప్పమని బండివాడు సలహా ఇచ్చాడు. ఈయనకు ఉర్దూ బాగా వచ్చు. వెళ్ళి ఉర్దూలో మాట్లాడి ముసల్మానులమనే చెప్పారు. నీళ్ళు అయినా దొరకలేదు, అది వేరే సంగతి. స్టేషన్లో నిజం చెప్పి దెబ్బతిన్న పిల్లాడు, ఒక్క పూట తిరక్కుండానే గేటు దగ్గర అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు. ఇది చదివినప్పుడు మాలో ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అంబేద్కరుకు కూడా ఒక మామయ్య ఉన్నాడన్నమాట.

దీన్ని చదివాక మా మిత్రుణ్ణి పిరికివాడు అనే హక్కు మాకెవరికీ లేదని తేలిపోయింది. అప్పటివరకు మాలో ఇద్దరు ఆ మాట మనసులో అనుకుంటూనే ఉన్నారు. ఒప్పుకుంటున్నాం.

రెండో ఆదివారం బ్యాంకులో పనిచేసే ఒక అన్నను కలిశాం. ఆయన 1980లలో ఇక్కడ చదివారు. అప్పట్లో ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో హాస్టలు పేరు రాసి ఇచ్చేవారట. ఇంటర్‌లో చేరడానికి పట్నం పోయేముందు రోజు రాత్రి, పెట్టెను బావి గట్టు మీద పెట్టుకుని ఇటుకముక్కతో అక్షరాలు గీకేశారట. పేరు పోయింది గానీ గీకిన మచ్చ మిగిలింది. "పేరున్న పెట్టెను ఎవరూ పట్టించుకోలేదురా. గీకిన పెట్టెను మాత్రం రూములో ప్రతివాడూ ఇక్కడేం రాసుందని అడిగేవాడు" అని పకపకా నవ్వారు. కారంచేడు జరిగినప్పుడు ఆయన తొమ్మిదో తరగతి. పేపరు వచ్చిన రోజు స్టడీ అవర్‌లో ఒక్కరూ పుస్తకం తెరవలేదట. ఆ ఏడాది నుంచి మాత్రం హాస్టల్లో కొంతమంది కాలేజీ అన్నలు వచ్చి పాటలు నేర్పేవారట, తలెత్తి మాట్లాడడం నేర్పేవారట. అయినా ఆ అన్న రెండేళ్ళ తరువాత పెట్టె గీకాడు. పాట పాడిన నోరూ అదే, ఇటుక పట్టుకున్న చెయ్యీ అదే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని మాకు ఆ రోజే తెలిసింది.

1994 తరువాత చదివిన ఇంకొకాయన చెప్పిందీ రాయాలి, దాస్తే బాగుండదు. దండోరా ఉద్యమం వచ్చిన రోజుల్లో కొంతమంది పేరు చివర కులం పేరు గర్వంగా రాసుకున్నారు. అప్పటిదాకా దాచుకున్న మాటను నలుగురిలో చెప్పుకోవడం వాళ్ళకు ఎంత ధైర్యాన్నిచ్చిందో ఆయన కళ్ళలో చూశాం. అదే సమయంలో హాస్టల్లో మంచాలు అటు కొన్ని, ఇటు కొన్ని జరిగాయి. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్ళు పదిహేను రోజులు మాట్లాడుకోలేదట. ఎవరి పక్షం న్యాయమో తేల్చడానికి మేం చాలము. మంచాలు జరిపినవాళ్ళ వయసు పద్నాలుగు, పదిహేను అన్నది మాత్రం మరిచిపోవద్దని మా మనవి.

ఇక మా సంగతి. ఇప్పుడు మమ్మల్ని ముఖం మీద కులం అడిగేవాళ్ళు తక్కువే. "ఇంటిపేరేంటి?" అంటారు. "నాన్నగారేం చేస్తుంటారు?" అంటారు. "ఏ పేటలో ఉంటారు?" అంటారు. ఊళ్ళో ఆటల పోటీలు పెడితే మైకులో ఫలానా హైస్కూలు జట్టు అని ఒకరినీ, "ఎస్సీ హాస్టల్ టీము" అని మమ్మల్నీ పిలుస్తారు. మా టీములో నలుగురు బీసీ మిత్రులున్నారు. మైకు వాళ్ళకు కూడా అదే పేరు పెట్టేస్తుంది. వాళ్ళలో ఒకడు ఇంటికెళ్ళినప్పుడు ఎక్కడ చదువుతున్నావంటే హైస్కూలు పేరు చెప్పి ఊరుకుంటాడట. మాకున్న బాధే వాడికీ ఉందని తెలిసి, నిజం చెప్పాలంటే, కాస్త సంతోషించాం. సంతోషించకూడదేమో.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అన్నయ్యల ఫోన్లు పట్టుకుంటాం. ఇన్‌స్టాగ్రాంలో మాలో చాలామందికి అకౌంట్లున్నాయి. అక్కడ ఊరి పేరు ఉంటుంది, హీరో పేరు ఉంటుంది, ఉదయించే సూర్యుడి ఫొటో ఉంటుంది. హాస్టలు పేరు ఎవరిదాంట్లోనూ లేదు. బ్యాంకు అన్న ఇటుకముక్కతో గంటసేపు గీకిన పనిని మేం అసలు రాయకుండానే చేసేస్తున్నాం. మచ్చ కూడా కనపడదు.

పెద్దలకు మాదొక ఫిర్యాదు ఉంది. "మా కాలంలో పడిన కష్టాలతో పోలిస్తే మీవి ఒక కష్టాలా? ఇప్పుడు అవన్నీ ఎక్కడున్నాయి, చక్కగా చదువుకోండి" అని ప్రతి సభలోనూ చెబుతున్నారు. మీరు పడిన కష్టం మాకు లేదు, నిజమే. మాకు గుడ్డు పెడుతున్నారు, దుప్పట్లు ఇస్తున్నారు, కొట్టేవాళ్ళు లేరు. కానీ మీరు మీ వయసులో ఏం దాచుకున్నారో అది మాత్రం సభలో చెప్పరు. మాస్టారు "రావు" సంగతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పలేదట. మేం అడిగితేనే చెప్పారు. మీరు ముందే చెప్పి ఉంటే, ఈ సిగ్గు మా ఒక్కరికే పుట్టిందని ఇన్నాళ్ళు అనుకునేవాళ్ళం కాదు. మీరు చెప్పకపోతే ప్రతి తరమూ ఆ సోడా బండి దగ్గర ఒంటరిగానే నిలబడుతుంది. మీకు దండం పెట్టి అడుగుతున్నాం, ర్యాంకుల సంగతితో పాటు పెట్టె గీకిన సంగతి కూడా చెప్పండి.

అలాగని తప్పంతా బయటివాళ్ళదే అంటే అబద్ధమవుతుంది. మేం కూడా పేర్లు పెట్టడంలో తక్కువవాళ్ళం కాదు. నత్తిగా మాట్లాడే ఆరో తరగతి పిల్లాడికి ఒక పేరు పెట్టాం. నల్లగా ఉన్నవాడికి ఒకటి. పరీక్ష పోయినవాడికి ఒకటి. ఒంటరిగా ఉన్న తల్లి వారానికోసారి వచ్చి చూసి వెళ్ళే పిల్లవాడికి పెట్టిన పేరు ఇక్కడ రాయలేం. ఆ పేరుతో పిలిస్తే వాడు పలికేవాడు, నవ్వేవాడు కూడా. నవ్వుతున్నాడు కదా అనుకున్నాం. మాస్టారు గుమాస్తా సంగతి చెప్పిన రోజు రాత్రి, మంచాల మీద పడుకున్నాక మాలో ఒకడు అడిగాడు, మనం ఎంతమందికి గుమాస్తాలమయ్యాం అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు ఆ పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టిన పేరుతో పిలిస్తే మొదట వాడు పలకలేదు. తనను కాదనుకున్నాడట.

పేరు వేయాలనే పక్షంవాళ్ళం మొదట్నుంచీ ఒక ఉదాహరణ చెబుతూ వచ్చాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ప్రతి పేపరూ ఆ మాట రాసింది. మనం నాలుక కిందకు నెట్టేసే మాటే! ఆ రోజుల్లోనే గురుకులాల పిల్లలు "స్వేరో" అని తమకు తాము పేరు పెట్టుకున్నారు. సోషల్ వెల్ఫేర్ అనే మాటల మొదటి అక్షరాలకు ఆకాశం అనే అర్థమిచ్చే ముక్కను కలిపారు. సిగ్గుపడే అక్షరాలనే తీసుకుని జెండా చేసుకున్నారని మాకు నచ్చింది.

దానికి మా మిత్రుడు చెప్పిన జవాబు కూడా ఇక్కడ వేయడం ధర్మం. "వాళ్ళు ఎవరెస్టు ఎక్కారు గనుక ఆ పేరు గొప్పదయింది. నేను ఎవరెస్టు ఎక్కలేదు. ఎక్కేదాకా నన్నెవరూ అడక్కుండా ఉంటే చాలు" అన్నాడు. దీనికి మా దగ్గర సమాధానం లేదు. గెలిచినవాళ్ళను చూపించి ఓడినవాళ్ళను, ఇంకా బరిలోకి దిగనివాళ్ళను ధైర్యంగా ఉండమనడం సులభం. కొండ ఎక్కితేనే పేరు చెప్పుకోగలిగితే, ఎక్కనివాడికి ఆ పేరు ఇంకా బరువవుతుంది. జాషువాగారు వినుకొండలో చిన్నప్పుడు అనుభవించింది కూడా ఇదేనేమో. పద్యం రాస్తే క్రైస్తవుడికి పద్యమేమిటని ఒకవైపు, క్రైస్తవుడివై ఉండి పురాణాల పద్యాలేమిటని ఇంకోవైపు. ఆయన మహాకవి అయ్యాక రెండువైపులవాళ్ళూ మావాడే అన్నారు. మరి కాకముందు?

మా అభిప్రాయం ఇదీ. పేరు మార్చడం వల్ల ప్రశ్న పోదు. 1917 నుంచి పోలేదు. పేరు మార్చుకున్నవాళ్ళను తప్పుపట్టం, వాళ్ళు మార్చకపోతే మనం ఇంకా పంచములుగానే ఉండేవాళ్ళం. కానీ అట్ట మీద నాలుగు మాటలు తీసేస్తే మనల్ని అడగడం మానేస్తారన్నది ఉత్త ఆశ. అందుకని మేం పూర్తి పేరు వేయాలనే అనుకున్నాం. అదే సమయంలో, చెప్పుకోవడానికి ఇంకా సిద్ధంగా లేనివాణ్ణి చెప్పమని బలవంతపెట్టడం కూడా ఒక రకంగా ముద్ర వేయడమే. ఎవరి నోటితో వాళ్ళు, ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పాలి. ఒకడు పదిహేనేళ్ళకు చెబుతాడు, మాస్టారులా ఇంకొకరు డెబ్భై దాటాక చెబుతారు.

మూడో ఆదివారం రాత్రి మళ్ళీ కూర్చున్నాం. వంటమ్మ మా గొడవ విని విసుక్కుని, "ముందు అన్నం తినండి నాయనా, పేరు రేపు వేసుకోవచ్చు" అంది. తిన్నాం. ఆ తరువాత మా మిత్రుడే అన్నాడు, పూర్తి పేరు వేయండి, కాకపోతే సంపాదక వర్గం జాబితాలో నా పేరు వేయకండి అని. ఎవరూ ఎదురుచెప్పలేదు. అందుకే ఈ సంచిక అట్ట మీద మన వసతి గృహం పేరు పూర్తిగా ఉంది. లోపలి పేజీలో సంపాదక వర్గం ఆరుగురు అని రాసి, కింద ఐదు పేర్లే ఉన్నాయి. ప్రెస్సులో కంపోజు చేసే ఆయన అది తప్పనుకుని రెండుసార్లు ఫోన్ చేశారు. తప్పు కాదు, అలాగే వేయండి అని చెప్పాం.